తలుపు కింద తోసిన చీటీ

బెర్గెన్ నగరం, సాండ్‌వికెన్ పేట, కొండవాలు ఇంటి మూడో అంతస్తులో నివాసం, వయసు ఎనభై ఒకటి, వృత్తి పియానో కచేరీలు, ప్రస్తుతం ఏమీ లేదు, ఆస్లౌగ్ మిడ్త్వెట్ అనే నేను, ఎవరి బలవంతమూ ప్రలోభమూ లేకుండా, స్వస్థచిత్తంతో, నా చేతులతో నేనే రాసి ఉంచుతున్న వీలునామా ఏమనగా:

స్వస్థచిత్తం అన్న మాట లేకపోతే కాగితం చెల్లదని మా లాయరు వీబెకె చెప్పింది కాబట్టి రాశాను. డాక్టరు పరీక్షించి ఇచ్చిన పత్రం వెనకాల గుచ్చాను. ఆయన ఈ రోజు ఏ వారమని అడిగాడు, చెప్పాను. వందలోంచి ఏడేడు తీసేస్తూ రమ్మన్నాడు, రెండు దాకా దిగి, ఇంకా దిగమంటారా అని అడిగాను. కానీ అసలు అడగాల్సింది ఆయన అడగలేదు. పెన్సిల్‌తో రాసిన ఒకే ఒక్క అక్షరం ఏమిటో నలభై ఐదేళ్ళుగా తేల్చుకోలేకపోతున్న మనిషికి మతి స్థిమితంగా ఉన్నట్టా, లేనట్టా? నాకే తెలియదు. తెలియకుండానే మొదలుపెడుతున్నాను. ఈ రోజు సోమవారం. గురువారానికి పూర్తి కావాలి.

1. నాకు భర్త లేడు, పిల్లలు లేరు. నేనేమీ రాయకుండా కన్ను మూస్తే ఈ ఇల్లు, పియానో, బ్యాంకులో ఉన్న కాస్త సొమ్ము, చట్టప్రకారం నా ఒక్కగానొక్క చెల్లెలు టోర్దిస్ మిడ్త్వెట్‌కు చేరతాయి. ఆమెకు డెబ్బై ఎనిమిదేళ్ళు, వంతెన అవతల అస్కెయ్ దీవిలో ఉంటుంది. అలా చేరకూడదనే ఈ వీలునామా.

మా చట్టంలో ఇంకో నియమం ఉంది. వీలునామా మీద సాక్షి సంతకం పెట్టినవాళ్ళకు ఆ వీలునామా వల్ల పూచికపుల్ల కూడా రాదు. అందుకని మొదటి సాక్షిగా టోర్దిస్‌నే పిలిచాను. ఆమెకు ఏమీ లేదని ఆమె చేతే సంతకం పెట్టించాలని నా ఉద్దేశం. ఇది మంచి బుద్ధి కాదని నాకు తెలుసు. ఉన్నదున్నట్టు రాయమంది లాయరు, రాస్తున్నాను.

అంతకుముందు మేమిద్దరం ఫోన్లో మాట్లాడుకుని పదకొండేళ్ళయింది. మొన్న రాత్రి ఫోను చేసి విషయం చెప్పాను. "సంతకమే కదక్కా, పెడతాను. గురువారం నాలుగింటికి బస్సుంది. వచ్చేటప్పుడు బన్నులు చేసి తెస్తాను, నువ్వు కాఫీ పెట్టు" అంది. ఓడల కంపెనీలో నలభై ఏళ్ళు దస్తావేజులు టైపు కొట్టిన మనిషి. సాక్షికి ఏమీ రాదన్న సంగతి ఆమెకు తెలియకుండా ఉండదు. తెలిసే వస్తోందా? తెలిస్తే బన్నులెందుకు? ఆ రాత్రి నుంచి నాకు ఈ లెక్క తెగలేదు.

2. గొడవకు మూలమైన వస్తువు ఒక చీటీ. అరచేతిలో సగం ఉంటుంది. ఓడల కంపెనీ కాగితం, పెన్సిల్ రాత. పియానో మీద టక్ టక్‌మంటూ లయ చెప్పే చెక్క మెట్రోనోమ్ ఉంది, దాని అడుగు అరలో దాచాను.

1974లో టోర్దిస్, నేను ఈ ఇంట్లోనే కలిసి ఉండేవాళ్ళం. ఆమె పగలు ఆఫీసుకు వెళ్ళేది, సాయంత్రాలు నా ఫోన్లు ఎత్తేది, నా ఉత్తరాలు టైపు కొట్టేది, నా నల్ల గౌన్లు ఇస్త్రీ చేసేది. ఇంట్లో ఒక నియమం ఉండేది. నేను సాధన చేస్తున్నంతసేపూ పియానో గది తలుపు ఎవరూ తట్టకూడదు. ఏదైనా చెప్పాలంటే చీటీ రాసి తలుపు కింద నుంచి తోయాలి. ఆ నియమం పెట్టింది నేనే.

ఆ ఏడు ఏప్రిల్ ఒకటో తేదీ సాయంత్రం ఇంగ్లండు నుంచి ఫోనొచ్చింది. న్యూకాసిల్‌లో బుధవారం కచేరీ. వాయించాల్సిన ఆయన మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. ఎల్వెస్టాడ్ అనే స్వరకర్త రాసిన కన్చెర్టో నాకు వచ్చని ఎవరో చెప్పారు. రేపటి ఓడకు రాగలరా అని. మా అక్క వస్తుందని టోర్దిస్ చెప్పేసి, చీటీ రాసి తలుపు కింద తోసింది.

ఇక్కడ ఒక సంగతి వివరించకపోతే ఈ వీలునామా ఎవరికీ అర్థం కాదు. ఎల్వెస్టాడ్ వాద్యబృందంతో కలిపి పియానోకు రెండు కన్చెర్టోలు రాశాడు. ఒకటి హో శృతిలో, ఒకటి బే శృతిలో. రెండు స్వరాలూ పియానో మీద పక్కపక్క మెట్లు. మహానుభావుడు ఏదో ఒకటి రాసి ఊరుకున్నా నా బతుకు ఇంకోలా ఉండేది. హో అంటే మా భాషలో h అక్షరం, బే అంటే b. మేము హో అనే స్వరాన్ని ఇంగ్లీషువాళ్ళు బి అంటారు, b అక్షరంతోనే రాస్తారు. వాళ్ళు ఫోన్లో బి అంటే మేము కాగితం మీద హో అని మార్చి రాసుకోవాలి. సంగీతం చదువుకున్నవాళ్ళకు ఇది తెలుసు. టోర్దిస్ పదమూడేళ్ళకే పియానో మానేసింది. మానేసింది అనడం కూడా తప్పేమో. ఇంట్లో ఒకటే పియానో, గంటలన్నీ నేనే తీసుకున్నాను.

చిన్న h అంటే ఒక నిలువు గీత, పక్కన గూను. గూను అడుగు తెరిచి ఉంటే హో, మూసుకుంటే బే. చీటీలో ఇలా ఉంది: ఎల్వెస్టాడ్, తర్వాత ఆ అక్షరం, తర్వాత మోల్ అనే మాట (ఇంగ్లీషువాళ్ళ మైనర్), న్యూకాసిల్, 3 ఏప్రిల్. ఆ అక్షరం గూను మూసుకునీ మూసుకోనట్టు ఉంది. నేను బే అని చదివాను. ఆ సాయంత్రమంతా, మర్నాడు ఓడ ఎక్కేదాకా, బే కన్చెర్టో సాధన చేశాను.

ఉత్తర సముద్రంలో తుఫాను. ఓడ ఏడు గంటలు ఆలస్యం. నేను చేరేసరికి రిహార్సలు అయిపోయింది, జనం కూర్చున్నారు. బృందాన్ని నడిపించే సిరిల్ ఆష్‌బీ అనే పెద్దమనిషి నా చెయ్యి పట్టుకుని వేదిక మీదికి తీసుకెళ్ళాడు. మొదట కాసేపు వాద్యబృందం ఒక్కటే వాయిస్తుంది. వాళ్ళు మొదలుపెట్టారు. అది నా కన్చెర్టో కాదు. నేను ఆయన వైపు వంగి, ఇది కాదండీ, నేను సాధన చేసింది ఇంకొకటి అన్నాను. ఆయన చేతిలో కర్ర ఆపకుండా, మొహం మీద నవ్వు చెదరకుండా, "ఇదేనమ్మా. ఊపిరి పీల్చుకుని మొదలెట్టు, వేళ్ళకే గుర్తొస్తుంది" అన్నాడు. వేళ్ళకు గుర్తురాలేదు. నేను దాన్ని వాయించి తొమ్మిదేళ్ళయింది. పదకొండు ఆవర్తనాలు వాయించాను, పదకొండూ తప్పే. లేచి లోపలికి వెళ్ళిపోయాను. చప్పట్లు లేవు, ఎవరో దగ్గిన చప్పుడు మాత్రం వినపడింది.

ఆ ఏడు లండన్‌లో ఒకటి, ఆమ్‌స్టర్‌డామ్‌లో రెండు కచేరీలు ఒప్పుకుని ఉన్నాను. మూడూ వారంలో మర్యాదగా జారిపోయాయి. ఆ తర్వాత నా జీవితమంతా చేపల రేవుల్లో, చర్చి హాళ్ళలో, తడిసిన కోట్ల వాసన మధ్య గడిచింది.

ఇంటికొచ్చి చీటీ టోర్దిస్ మొహం ముందు పెట్టాను. ఇంగ్లీషువాడు బి అన్నాడని నువ్వూ చిలకలా బే అని రాశావు, సంగీతం రానిదానివి రానట్టుండొచ్చుగా అన్నాను. "హో అనే రాశానక్కా" అంది. మరి ఈ అక్షరానికి ఈ మూసుకున్న పొట్టేమిటి అన్నాను. ఆమె ఆ పొట్టను చూసింది, నన్ను చూసింది. నెలాఖరుకు సామాను సర్దుకుని అస్కెయ్ వెళ్ళిపోయింది. అప్పటి నుంచి క్రిస్మస్‌కు ఒక కార్డు వస్తుంది. అది కూడా టైపు కొట్టే పంపిస్తుంది.

3. ఇల్లు, పియానో. చీటీలో ఉన్నది బే అయితే రెండూ అమ్మి, వచ్చింది ఈ ఊరి సంగీత పాఠశాలకు ఇవ్వాలి. ఒకవేళ హో అయితే

ఇక్కడ పెన్ను ఆగిపోయింది. ఈ అంశం మంగళవారం మళ్ళీ రాస్తున్నాను.

వీబెకె చదివి, "ఆస్లౌగ్ గారూ, వీలునామాలో ఒకవేళ అన్న మాట ఉండకూడదండీ. మీరు పోయాక ఆ అక్షరం ఏమిటో నేనెవర్ని అడగాలి?" అంది. అయితే నువ్వే చూసి చెప్పు అని చీటీ ఇచ్చాను. బే అంది. కళ్ళజోడు మార్చుకుని, హో కూడా కావచ్చు అంది. నా పియానోకు శృతి చేసే ఎయిలిఫ్ నోర్‌దాల్ పదిహేనేళ్ళ కిందటే చూసి హో అన్నాడు. ఎలా చెబుతావంటే, "నీకు బే కావాలి కాబట్టి నువ్వు బే చూస్తున్నావు. నాకేదీ అక్కర్లేదు, అందుకని హో కనపడుతోంది" అన్నాడు. ఇది తర్కమో కాదో తెలియలేదు. చివరికి కళ్ళద్దాల దుకాణానికి తీసుకెళ్ళాను. అక్కడి అబ్బాయి పెద్ద భూతద్దం కింద పెట్టి చాలాసేపు చూసి, ఇది ఆరు అంకె అన్నాడు.

ఆ చీటీలో అలాంటి అక్షరం ఇంకొకటి లేదు, పోల్చి చూద్దామంటే. ఆమె చేత్తో రాసిన కాగితం ఇంకొకటీ నా దగ్గర లేదు. అన్నీ టైపు కొట్టినవే. కాబట్టి నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని నిశ్చయించుకుని, అది బే అనే ఖాయం చేసి, ఇల్లు, పియానో సంగీత పాఠశాలకే దఖలు పరుస్తున్నాను.

రాసేశాను. అయినా మనసు కుదుటపడలేదు.

4. కింది అంతస్తులో ఉండే పళ్ళ డాక్టరు ఓడ్‌వార్ స్క్రెడె గారికి. ఈయన ముప్ఫై ఒక్క ఏళ్ళుగా నేను ఒకే ముక్కను రెండోసారి వాయించగానే చీపురుకర్రతో తన ఇంటి కప్పు కొడుతున్నారు. మూడోసారి వాయిస్తే రెండు దెబ్బలు. ఒకసారి మెట్ల మీద ఎదురై, "మీరు తప్పు వాయించినందుకు కొట్టలేదండీ, ఒప్పు వాయించాక మళ్ళీ ఎందుకు వాయిస్తారోనని కొట్టాను" అన్నారు. ఆ మాట గురించి నేను చాలా ఏళ్ళు ఆలోచించాను. ఈయనకు నా తదనంతరం నా ఇంట్లోని నిశ్శబ్దం మొత్తాన్ని, సర్వహక్కులతో, రాసి ఇస్తున్నాను. పియానో పాఠశాలకు వెళ్ళిపోతుంది కాబట్టి ఈ అంశానికి ఆటంకం ఉండదు.

5. ఎయిలిఫ్ నోర్‌దాల్‌కు నా వేళ్ళు లేని ఊలు గ్లవ్స్, కాఫీ ఫ్లాస్కు, పైన చెప్పిన మెట్రోనోమ్. గ్లవ్స్ వాళ్ళమ్మ అల్లినవే. ముప్ఫై ఏళ్ళు ఉత్తరాది రేవులన్నీ నాతో తిరిగాడు. నేను చేరేలోపు అక్కడి పియానోను మాట వినేలా చేయడం ఆయన పని. ఒకచోట పియానోలో ఎండుచేప ముక్క దొరికింది. ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో ఇద్దరికీ అర్థం కాలేదు. దాన్ని తీశాక పియానో శృతి కాస్త తగ్గిందని ఎయిలిఫ్ ఇప్పటికీ అంటాడు.

వార్దె రేవులో ఒక సాయంత్రం, మంచు తుఫాను వల్ల వినేవాళ్ళు తొమ్మిదిమందే వచ్చిన రోజు, పియానో లోపలికి తల దూర్చి, "ఆస్లౌగ్, ఈ ఊరి పియానోలన్నీ చలికి బిగుసుకుపోయాయి. నువ్వూ అంతేనా?" అని అడిగాడు. పై తీగ తెగిందేమో చూడమన్నాను. చూశాడు. తెగలేదన్నాడు. ఆ ప్రశ్న అసలు దేని గురించో నాకు బస్సులో అర్థమైంది. అప్పటికి ఆయన నిద్రపోయాడు. మళ్ళీ అడుగుతాడేమోనని చూశాను. అడగలేదు. ఎయిలిఫ్, అవును. ఇది నీ ప్రశ్నకు జవాబు. వీలునామాలో ఇలాంటివి రాయకూడదని చట్టంలో ఎక్కడా లేదు, వీబెకెను కనుక్కున్నాను.

6. ఎత్తు పెంచుకునే నా పీట వార్దె చర్చికి. అక్కడ నన్ను చేపల పెట్టె మీద కూర్చోబెట్టారు. ఆ పెట్టె మీద వాయించినంత బాగా ఎక్కడా వాయించలేదు. ఎందుకో తెలియదు. పీట పంపిస్తే నష్టమేమో కూడా తెలియదు. అయినా పంపండి.

7. గురువారం ఉదయం. టోర్దిస్‌కు ఆమె రేకు డబ్బా.

ఇది నా ఆస్తిలోంచి ఇస్తున్నది కాదు, ఆమెదే. 1991లో అమ్మ పోయినరోజు అందరికీ కాఫీతో పాటు బన్నులు ఈ డబ్బాలోనే తెచ్చింది. డబ్బా ఇక్కడే ఉండిపోయింది. ఆమె అడగలేదు, నేను ఇవ్వలేదు. ఎవరి వస్తువు వాళ్ళకు తిరిగి ఇవ్వడం దానం కాదు కాబట్టి సాక్షి నియమం అడ్డు రాదు. కానీ ఏ వస్తువైనా గుర్తుపట్టేలా రాయాలని వీబెకె చెప్పింది. అందుకని అటక మీంచి దించి మూత తీశాను. నీలం రంగు, పొడవు రెండు జానలు, ఒక మూల సొట్ట. ఇంకా యాలకుల వాసన వస్తోంది. అడుగున వేసిన కాగితం తీసి దులిపాను. దాని కింద ఒక అట్టముక్క అతుక్కుని ఉంది.

బన్నులు చేసే విధానం. చివరి రోజుల్లో అమ్మకు చూపు ఆనేది కాదు, అందుకని టోర్దిస్ పెద్ద పెద్ద అక్షరాలతో, టైపు కాకుండా, చేత్తో రాసి పెట్టింది. పైన పేరు ఉంది: hveteboller. హ్వేతెబొల్లెర్, గోధుమ బన్నులు. ఊళ్ళో పసిపిల్లకైనా తెలిసిన మాట. నేను దాన్ని ఈ కాగితంలోకి ఎక్కించబోయి, మొదటి అక్షరం రాసి ఆగిపోయాను.

ఆ మాట హో అక్షరంతో మొదలవుతుంది. నడుమ బే అక్షరం ఉంది. రెండూ ఒకే మాటలో, ఒకే చేతిరాతలో.

చీటీ తెచ్చి అట్ట పక్కన పెట్టాను. కళ్ళజోడు తుడుచుకున్నాను. కిటికీ దగ్గరికి వెళ్ళాను. టోర్దిస్ రాసే బే గుండ్రంగా, శుభ్రంగా మూసుకుంటుంది. హో రాసేటప్పుడు మాత్రం గూను కాలు లోపలికి ముడుచుకుని, నిలువు గీతను తాకి, ఒక చిన్న తోక బయటికి వస్తుంది. చీటీలో ఆ తోక ఉంది. నలభై ఐదేళ్ళూ దాన్ని పెన్సిల్ జారిన గీత అనుకున్నాను. భూతద్దం అబ్బాయి కూడా ఆ తోకను చూసే ఆరు అన్నాడు.

ఆమె హో అనే రాసింది. ఇంగ్లీషువాడు బి అంటే విని, మనసులో మార్చుకుని, సరిగ్గా హో రాసింది. పదమూడేళ్ళకు పియానో ముందు నుంచి లేపేసిన పిల్ల, ఆ ఒక్క సంగతి మర్చిపోకుండా గుర్తుంచుకుంది.

నేను వంటగదిలోకి వెళ్ళి కాసేపు నిలబడ్డాను. ఎందుకు వెళ్ళానో గుర్తురాలేదు. తిరిగొచ్చి రాస్తున్నాను.

8. ఒక పోగు ఊడాక మిగతాది దానంతటదే ఊడుతుంది. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పని రెండు సంగతులు ఇక్కడ నమోదు చేస్తున్నాను.

ఒకటి. న్యూకాసిల్ హాలు గుమ్మం పక్కన గోడ మీద కచేరీ కాగితం అంటించి ఉంది. అందులో నా పేరు తప్పుగా రాశారు, దాని కింద ఎల్వెస్టాడ్, దాని కింద ఇంగ్లీషులో బి మైనర్ అని అచ్చులో ఉంది. నేను చూశాను. అది ఇంగ్లీషు కాగితం, వాళ్ళ బి అంటే మా హో అని తట్టాల్సింది నాకు. ఓడ దిగి పరుగెత్తుకొచ్చిన హడావిడిలో చూసి, సరిగ్గానే ఉందనుకుని లోపలికి వెళ్ళాను. గూను లేదు, తోక లేదు, అచ్చక్షరం. అంటే చీటీలో ఏది ఉన్నా తప్పు నాదే. ఆడలేక మద్దెల ఓడు అన్నారు. నాకు మద్దెల కూడా దొరకలేదు, చెల్లెలు దొరికింది.

రెండు. ఏప్రిల్ ఒకటో తేదీ సాయంత్రం నేను బే కన్చెర్టో సాధన చేస్తుండగా ఎవరో తలుపు తట్టారు. చిన్నగా, రెండుసార్లు. భోజనానికేమో అనుకున్నాను. నిజంగా అలా అనుకున్నానా, తర్వాత అనుకున్నానని అనుకుంటున్నానా, ఇప్పుడు చెప్పలేను. నేను ఇంకా గట్టిగా వాయించాను.

9. ఇది గురువారం సాయంత్రం, అయిదు దాటాక రాస్తున్నది. కొట్టివేతలు ఉన్నా ఫర్వాలేదు, మొత్తం మళ్ళీ రాయను.

నాలుగున్నరకు టోర్దిస్ వచ్చింది. నాకంటే పొట్టిదయిపోయింది. వర్షంలో తడిసిన టోపీతోనే నేరుగా వంటగదిలోకి వెళ్ళి, కాఫీ పెట్టలేదా అని అడిగింది. పెట్టలేదు, మర్చిపోయాను. వీబెకె అప్పటికే వచ్చి కూర్చుని ఉంది. నేను చీటీ, అట్ట, రెండూ టోర్దిస్ ముందు బల్ల మీద పెట్టాను. పొట్ట కాదు టోర్దిస్, తోక అన్నాను. అంతే వచ్చింది నోటివెంట.

ఆమె కళ్ళజోడు పెట్టుకుని చూసింది. "దీన్ని ఇన్నాళ్ళూ దాచావా? నేనైతే ఎప్పుడో పొయ్యిలో పడేసేదాన్ని" అంది. తర్వాత, "హో అనే రాశానక్కా. అప్పుడే చెప్పాగా" అంది. నలభై ఐదేళ్ళ కిందట అన్న గొంతుతోనే అంది, ఎక్కువా లేదు, తక్కువా లేదు.

ఆ రోజు తలుపు తట్టింది నువ్వేనా అని అడిగాను. "గోడ అవతల నుంచి వింటే బే వాయిస్తున్నావు. రెండుసార్లు తట్టాను, నువ్వు తియ్యలేదు. రెండూ వాయించమన్నారేమో, నీకు తెలియనిదా అని ఊరుకున్నాను. సంగీతం నీది, ఫోను నాది అని నువ్వే అనేదానివి కదా" అంది. మరి ఆ సంగతి నాకెందుకు చెప్పలేదే అన్నాను. "చెబితే తలుపు తట్టినందుకు ఇంకోసారి తిట్టేదానివి" అంది. అని, బన్నుల డబ్బా మూత తీసి, "పెన్నేది? సంతకం ఎక్కడ పెట్టాలి? ఏడింటి తర్వాత బస్సు లేదు" అని చెయ్యి చాచింది.

అంటే ఆమెకు అన్నీ తెలుసు. సంతకం పెడితే తనకేమీ రాదని తెలుసు, తెలిసే బన్నులు చేసుకుని వచ్చింది. కోపం ఎందుకు రాలేదో నాకు ఇంకా అర్థం కావడం లేదు. ఇక అర్థం కాకపోయినా సరే. వీబెకె అందించబోయిన పెన్ను నేను లాక్కున్నాను.

వీబెకె నన్ను పక్కకు పిలిచి, "ఆస్లౌగ్ గారూ, మనసు మారితే ఇంత రాత ఎందుకు? ఇది చింపేస్తే చట్టమే అంతా ఆవిడకు ఇచ్చేస్తుంది" అంది. నిజమే. కానీ చట్టం ఇస్తే చట్టం ఇచ్చినట్టు. నేను ఇచ్చినట్టు కాదు. అందుచేత:

పైన 1వ అంశంలో చెప్పిన ఉద్దేశం రద్దు. 3వ అంశం రద్దు. ఈ ఇల్లు, ఇందులోని పియానో, సంగీతం పుస్తకాలన్నీ, బ్యాంకులో మిగిలింది, నా చెల్లెలు టోర్దిస్ మిడ్త్వెట్‌కు, నా ఇష్టంతో, నా చేత్తో, సర్వహక్కులతో రాసి ఇస్తున్నాను. పియానో అమ్మకూడదు. రోజుకు ఎన్ని గంటలైనా ఆమె ఇష్టం. 5, 6 అంశాలు అలాగే ఉంటాయి. 7వ అంశం ఈ సాయంత్రమే అమలైంది. డబ్బా ఇచ్చేశాను, ఆమె తెచ్చిన కొత్త డబ్బా ఇక్కడ ఉంచుకున్నాను.

పియానో గది తలుపు ఊడదీయించాలి. ఇది నా తదనంతరం దాకా ఆగనక్కర్లేదు. రేపు ఉదయం స్క్రూడ్రైవర్ తీసుకుని రమ్మని ఎయిలిఫ్‌కు ఫోను చేశాను. వచ్చాక 5వ అంశం చదవమంటాను. లేక నేనే చెబుతానేమో. చూడాలి.

టోర్దిస్ సాక్షిగా పనికిరాదు కాబట్టి ఇంకో మనిషి కావాలి. ఎవరున్నారా అని ఆలోచించి, చీపురు తీసుకుని, కర్రతో నేల మీద రెండు దెబ్బలు కొట్టాను. డాక్టరు స్క్రెడె గారు మెడలో భోజనాల తువ్వాలుతోనే పైకి పరిగెత్తుకొచ్చి, "నేనేం చెయ్యలేదండీ, ఈ రోజు ఒక్కసారి కూడా కొట్టలేదు!" అన్నారు. కూర్చోబెట్టి బన్ను ఇచ్చాం. సంతకం పెట్టేముందు, ఇందులో నాకేమైనా ఉందా అని నవ్వులాటకు అడిగారు. ఉండేది, మీరు సంతకం పెట్టగానే పోతుంది అని చెప్పాను. కాబట్టి 4వ అంశం చట్టప్రకారం చెల్లదు. నిశ్శబ్దం కూడా టోర్దిస్‌దే. ఉంచుకుంటుందో, పగలగొడుతుందో ఆమె ఇష్టం.

ఈ వీలునామా అమలు బాధ్యత లాయరు వీబెకె లోఫ్తూస్‌ది. పైన రాసిందంతా చదువుకున్నాను. కొన్నిచోట్ల నాకే అర్థం కాలేదు, అయినా అంతా నిజమే. ఇద్దరు సాక్షులూ ఒకేసారి ఎదురుగా ఉండగా, పక్క గదిలో ఎవరో ఒక వేలితో హో స్వరాన్ని మళ్ళీ మళ్ళీ నొక్కుతుండగా, సంతకం చేస్తున్నాను.

బెర్గెన్, 2019 అక్టోబరు 17, గురువారం.

ఆస్లౌగ్ మిడ్త్వెట్
(సంతకం)

సాక్షులు:

1. టోర్దిస్ మిడ్త్వెట్. ఈ పేరు నేనే కొట్టేశాను. ఈమె సాక్షి కాదు, వారసురాలు. ఆ. మి.

1. ఓడ్‌వార్ స్క్రెడె, పళ్ళ డాక్టరు, రెండో అంతస్తు.

2. వీబెకె లోఫ్తూస్, లాయరు.